ఆఖరి పెట్టె

మా నాన్నను ఆ హోటలుకు తీసుకెళ్ళమన్నది మా అబ్బాయి. వాడు స్నేహితులతో ఒకసారి వెళ్ళొచ్చాడు. "తాతయ్యకి నచ్చుతుందమ్మా, అంతా రైలే" అన్నాడు. లోపల బల్లల పక్కనుంచి సన్నటి పట్టాలు పరిచి ఉంటాయి. వంటింట్లోంచి బొమ్మరైలు బయల్దేరి, ఒక్కో పెట్టె మీద ఒక్కో పళ్ళెం పెట్టుకుని వచ్చి, మన బల్ల దగ్గర ఆగుతుంది. పళ్ళేలు దింపుకోగానే ముందుకు సాగి, హాలంతా చుట్టి, మళ్ళీ వంటింట్లోకే చేరుతుంది. బల్లలకు నంబర్ల బదులు స్టేషన్ల పేర్లు. హైదరాబాదులో ఇలాంటివి ఇప్పుడు ఒకటికి మించే ఉన్నాయి.

మరదలి పురుడుకని అమ్మ బెంగళూరు వెళ్ళింది. నెల రోజులుగా నాన్న మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకు మొదటినుంచీ మాటలు తక్కువ. పొద్దున పేపరు, సాయంత్రం బాల్కనీలో కుర్చీ, రాత్రి తొమ్మిదిన్నరకు నిద్ర. 1970లో రైల్వేలో చేరి 2008లో రిటైరయ్యారు. 38 ఏళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం గూడ్స్ గార్డుగానే గడిచింది. 2022 జనవరిలో రైల్వే బోర్డు గార్డు అన్న పేరు తీసేసి ట్రెయిన్ మేనేజర్ అని మార్చింది. ఆ వార్త చదివిన పొద్దున నాన్న పేపరు మడిచి పక్కన పెట్టి, కాఫీ తాగి, మొక్కలకు నీళ్ళు పోశారు. అమ్మ అడిగినా ఏమీ అనలేదు.

మేం పెరిగింది విజయవాడ సత్యనారాయణపురం రైల్వే కాలనీలో. గూడ్స్ బండికి టైమంటూ ఉండదు కాబట్టి గార్డు డ్యూటీకీ టైముండేది కాదు. ఏ అర్ధరాత్రో కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయేవాడు. అమ్మ లేచి స్టవ్ వెలిగించేది. నాన్న స్నానం చేసి తెల్లబట్టలు తొడుక్కునేలోపు కారియరు సిద్ధమైపోవాలి. అన్నం, ముద్దపప్పు, పచ్చడి, మూత బిగించిన సీసాలో మజ్జిగ. పొద్దున మేం లేచేసరికి మంచం ఖాళీ. ఎప్పుడొస్తారో అమ్మకూ తెలియదు. నాన్న ఉద్యోగం గురించి నాకు తెలిసిందల్లా రావడం, పోవడం. మధ్యలో ఏం జరిగేదో తెలియదు. చిన్నప్పుడు అడిగాను. పెద్దయ్యాక, ఆయన రిటైరయ్యాక కూడా అడిగాను. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "ఏముందమ్మా, బండి వెనకాల కూర్చోవడమే."

హోటలు గుమ్మం పక్కనే పాతకాలపు చెయ్యి సిగ్నలు నిలబెట్టారు. పొడుగాటి స్తంభం, పైన తెల్లచార ఉన్న ఎర్రటి చెయ్యి, దాని మొదట్లో వెలుగుతున్న ఎర్రబల్బు. నేను తలుపు తోసి లోపలికి అడుగుపెట్టాను. వెనక నాన్న రాలేదు. తిరిగి చూస్తే సిగ్నలు కింద తలెత్తి నిలబడి ఉన్నారు.

"చెయ్యి దిగింది. లైటు ఎర్రగా ఉంది" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"చెయ్యి అడ్డంగా ఉంటే ఆగమని. ఇలా కిందికి వాలితే పొమ్మని. వాలినప్పుడు పచ్చలైటు కనబడాలి. ఇదేమో పొమ్మంటూనే ఆగమంటోంది."

"మరి డ్రైవరు ఏం చెయ్యాలి నాన్నా?"

"ఆగాలి. సిగ్నలు సరిగ్గా లేదని అనుమానమొస్తే, అది చెప్పగలిగే వాటిలో అన్నిటికంటే గట్టి హెచ్చరికే చెప్పిందనుకోవాలి. అది రూలు." ఇంకో క్షణం చూసి, "పద" అన్నారు.

నెల రోజుల్లో ఆయన నాతో ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

లోపల కింద నల్లటి చలువరాయి, పైన రైలుపెట్టె కప్పులాగా వంచిన చెక్క. రేకుతో చేసిన ఇంజను మొహం ఒకటి గోడలోంచి పొడుచుకొచ్చి ఉంది. దాని మీది రివెట్లు ఎవరో ఒక్కొక్కటిగా గుండ్రంగా దిద్దారు. చాలా ఓపికగా చేసిన పని. ఎదురుగోడ నిండా రాజమండ్రి ఆర్చి వంతెన బొమ్మ. కింద గోదావరి, ఒక పడవ, వంతెన మీద పొగ వదులుతూ బొగ్గింజను. అందంగా ఉంది. ఫొటో తీద్దామని ఫోను ఎత్తాను.

"ఆ వంతెన మీద బొగ్గింజను ఎక్కడ నడిచింది?" అన్నారు నాన్న. "బొగ్గింజన్లు నడిచింది పాత హేవలాక్ వంతెన మీద. అది 1900 నాటిది. దాని మీద బళ్ళు ఆపేసింది 1997లో, ఈ ఆర్చి వంతెన మీద మొదలైందీ అప్పుడే. అప్పటికి మన వైపు బొగ్గింజన్లు ఎక్కడున్నాయి?"

మాకిచ్చిన బల్ల పేరు చీరాల. ఒక పక్క తెనాలి, ఇంకో పక్క గూడూరు, వెనక నెల్లూరు, దాని పక్కన బాపట్ల. నాన్న కూర్చోకుండా ఆ పేర్లన్నీ చదివారు. ఆయన మనసులో వాటిని విడదీసి వరసలో పేరుస్తున్నారని పెదవుల కదలిక చూస్తే తెలిసింది. ఆ తర్వాత పైకే చెప్పారు. దుగ్గిరాల, తెనాలి, చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల, బాపట్ల, స్టువర్టుపురం, చీరాల, వేటపాలెం, చినగంజాం. అక్కడ ఊపిరి తీసుకుని, ఉప్పుగుండూరు, అమ్మనబ్రోలు, కరవది, ఒంగోలు. ఎవరో వేలు పట్టుకుని నడిపించినట్టు ఆ పేర్లు వాటంతటవే వచ్చాయి. నేను బడిలో నేర్చుకున్న పద్యాలు ఒక్కటీ నాకు ఇంత తడుముకోకుండా రావు.

పక్కబల్ల దగ్గర, అంటే గూడూరులో, ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు అమ్మానాన్నలతో వచ్చి ఉన్నాడు. వాడు స్పూను పక్కన పెట్టి నాన్న వంకే చూస్తున్నాడు.

ఇలాంటి హోటళ్ళ మీద నాకు ఒక అభిప్రాయం ఉండేది. తిండి సంగతి పక్కన పెట్టి గోడలకు డబ్బు తగలేస్తారని. జైలు ఊచల మధ్య కూర్చోబెట్టి ఖైదీ దుస్తులేసుకున్న వాళ్ళతో వడ్డించే చోట్లు, పల్లెటూరు పేరుతో ప్లాస్టిక్ అరటిచెట్లు నాటి గోడకు తిరగలి తగిలించే చోట్లు చూసి విసుక్కున్నాను. నా చిన్నతనంలో విజయవాడ కాఫీ హోటళ్ళలో అలంకారమంటే దేవుళ్ళ క్యాలెండర్లు, పెద్ద అద్దం, రాజకీయాలు మాట్లాడరాదన్న బోర్డు. అవి అక్కడ అవసరానికి వచ్చి చేరినవి. ఎవరినీ ఇంకో చోట ఉన్నామని నమ్మించడానికి పెట్టినవి కావు. అహ్మదాబాదులో న్యూ లక్కీ అని ఒక పాత రెస్టారెంటు ఉంది, బల్లల మధ్యనే సమాధులున్నాయి. అక్కడున్న సమాధుల చుట్టూనే హోటలు పెరిగింది. వాటికి కంచె కట్టి, రోజూ పూలు పెడతారు. పక్కనే జనం చాయ్‌లో బన్ను ముంచుకు తింటారు. ఎం.ఎఫ్. హుస్సేన్ ఆ చోటిని ఇష్టపడి ఒక చిత్రం గీసిచ్చారు, అది గోడమీద ఉంది. అది అలంకారం కాదు కాబట్టి నాకు నచ్చింది. రైల్వేవాళ్ళు కూడా 2020లో అసన్సోల్‌లో మొదలుపెట్టి, సర్వీసు అయిపోయిన నిజం పెట్టెలను హోటళ్ళుగా మారుస్తున్నారు. వాటిలో కనీసం చక్రాలు నిజమైనవి. నిజంగా తిరిగిన వస్తువుకూ తిరిగినట్టు కనిపించే వస్తువుకూ తేడా ఉందని, ఆ తేడాను గౌరవించాలని నా పట్టుదల.

ఆ పట్టుదల ఇప్పటికీ ఉంది. కానీ ఆ రాత్రి చీరాల బల్ల దగ్గర కూర్చున్నాక దానికి ఇంకో మాట చేర్చుకోవాల్సి వచ్చింది. నిజమైన స్టేషనుకు నాన్నతో కలిసి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటాను! ప్లాట్‌ఫారం మీద ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. అక్కడ అన్నీ ఉండాల్సిన చోట ఉంటాయి, చెప్పడానికేముంది? ఇక్కడ ప్రతిదీ కాస్త పక్కకు జరిగి ఉంది. ఆ పక్కకు జరిగినది ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. ప్రశ్నకు తలుపు తియ్యని మనిషి తప్పుకు తీశారు. పిల్లవాడు పద్యం తప్పు చదివితే, వంటింట్లోంచి పని మానేసి వచ్చి సరిదిద్దే అమ్మమ్మలుంటారు. వాళ్ళను కూర్చోబెట్టి పద్యం చెప్పమంటే రాదంటారు. నేను ఇన్నేళ్ళూ నాన్నను కూర్చోబెట్టి అడిగాను. ఆ ఇంజను మీద రివెట్లు దిద్దిన మనిషెవరో, వంతెన బొమ్మ వేసిన మనిషెవరో నాకు తెలియదు. వాళ్ళు ప్రేమగా చేసిన పొరపాట్లకు నేను ఋణపడ్డాను.

రైలు వచ్చింది. ముందు సన్నగా కూత, తర్వాత నీలంరంగు ఇంజను, దాని వెనక ఐదు పెట్టెలు. మొదటి మూడింటి మీద పులావు, చిల్లీ పనీర్, ఉల్లిపాయ ముక్కలు. తర్వాతి రెండూ ఖాళీ. సరిగ్గా మా ముందు ఆగింది. నేను పళ్ళేలు దింపుతున్నాను. నాన్న ముందుకు వంగి, పళ్ళేలను దాటి, రైలు తోక వైపు చూస్తున్నారు.

"దీనికి ఎల్వీ ఏదీ?"

"ఎల్వీ అంటే?"

"లాస్ట్ వెహికిల్. ఆఖరి పెట్టె అన్న గుర్తు. ప్రతి బండికీ చివర ఆ బోర్డు ఉంటుంది. రాత్రయితే ఎర్రదీపం. అది లేకపోతే బండి మొత్తం వచ్చిందని స్టేషను మాస్టరుకు ఎలా తెలుస్తుంది?"

నేను ఆ బోర్డును వందసార్లు చూసి ఉంటాను. పసుపురంగు మీద ఎల్, వి అన్న రెండక్షరాలు. అవి ఎవరి కోసమో ఏనాడూ అనుకోలేదు. నాన్న పులావు పక్కకు జరిపి, ఉల్లిపాయ ముక్కలను బల్ల మీద వరసగా పెట్టి చూపించారు. బండి స్టేషను దాటుతున్నప్పుడు అక్కడివాళ్ళు ఇంజను కంటే ముఖ్యంగా చూసేది తోకనే. తోక కనబడితే ఆ బండి వదిలొచ్చిన లైను ఖాళీ అయిందని అర్థం. అప్పుడే వెనక స్టేషనుకు లైన్ క్లియర్ ఇస్తారు. కనబడలేదంటే కొన్ని పెట్టెలు తెగి వెనక ఎక్కడో మిగిలిపోయి ఉండొచ్చు. ఇప్పుడు చక్రాలు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్లు వచ్చాయి. ఆ రోజుల్లో మనిషి కళ్ళే లెక్క.

"మీ బండి ఎప్పుడైనా తెగిందా నాన్నా?"

మామూలుగా అయితే "ఆ, తెగేవి" అని ఊరుకునేవారు. ఉల్లిపాయ ముక్కల వరస ఆయన ముందే ఉంది. మధ్యలో వేలు పెట్టి రెండుగా విడదీశారు.

1979 డిసెంబరు. విజయవాడ నుంచి బిట్రగుంట వెళ్ళే గూడ్స్. సింగరాయకొండ దాటాక, ఉలవపాడు ఇంకా రాకముందు, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్‌లో బ్రేకుల వాక్యూమ్ చూపే సూది సున్నాకు పడిపోయింది. నాన్న చేతిదీపం పట్టుకుని వ్యాగన్ల పక్కనే నడుచుకుంటూ వెళ్ళారు. మధ్యలో కప్లింగు తెగి ఉంది. అవతల ఇంజనుతో ముందుభాగం, ఇవతల 19 వ్యాగన్లు, బ్రేక్ వ్యాన్. డ్రైవరుతో మాట్లాడి కాగితం రాసిచ్చారు. నువ్వు ముందుభాగం ఉలవపాడు తీసుకెళ్ళి వదిలి, ఇంజనుతో వెనక్కి రా, నేనిక్కడ ఉంటాను. ఇంజను దీపం దూరమై కనబడకుండా పోయింది.

"తర్వాత?"

"తర్వాతేముంది. వ్యాగన్లు దొర్లకుండా బ్రేకు బిగించాను. వెనక నుంచి బండేదీ వచ్చి గుద్దకుండా డెటొనేటర్లు పెట్టడానికి వెనక్కి నడిచాను. 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర మూడు, పదేసి మీటర్ల ఎడంతో. పట్టా మీద బిగిస్తే చక్రం ఎక్కగానే పేలతాయి. ఆ చప్పుడు విన్న డ్రైవరు బండి ఆపాలి. పెట్టి మళ్ళీ నడుచుకుంటూ వచ్చి వ్యాన్‌లో కూర్చున్నాను."

ఎంతసేపు అని అడిగాను. మూడు గంటలు దాటిందన్నారు. చలి, పైన చుక్కలు, రెండు వైపులా చీకటి పొలాలు. భయమేసిందా అని అడిగింది నేను కాదు, గూడూరు బల్ల దగ్గరి పిల్లవాడు. ఎప్పుడొచ్చాడో మా బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాన్న వాడి వంక తిరిగి, పెద్దవాడికి చెప్పినట్టే చెప్పారు. "లేదు బాబూ. ఉలవపాడులో స్టేషను మాస్టరు ఉన్నాడుగా. ముందుభాగం వచ్చినప్పుడు దాని చివర దీపం లేదు. దీపం నా దగ్గరుంది. అది కనబడేదాకా ఆయన లైన్ క్లియర్ ఇవ్వడు. అంటే నేనింకా లైన్లోనే ఉన్నానని ఆయనకు తెలుసు."

ఈ మాట దగ్గర నా చేతిలో చెంచా ఆగిపోయింది. ఆ డిసెంబరులో నాకు ఆరేళ్ళు. ఆ రాత్రి మేం సత్యనారాయణపురంలో దుప్పట్లు కప్పుకుని నిద్రపోయి ఉంటాం. ఆ మూడు గంటలు నాన్న చీకట్లో ఉన్నారని తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరు ముగ్గురు. ఆ సంగతి వాళ్ళకు చెప్పింది, ఉండాల్సిన చోట లేని ఒక దీపం.

మిగిలినది ఆయన చిన్నగా చెప్పారు. తెల్లవారుజామున ఇంజను వచ్చి, మిగతా వ్యాగన్లను ఉలవపాడు చేర్చింది. అక్కడ ఎక్స్‌ప్రెస్‌లన్నీ పోయేదాకా బండిని లూపులో, అంటే పక్కలైనులో, పెట్టారు. ఎండెక్కింది. కారియరులో అన్నం పాడైపోయింది. మధ్యాహ్నం దాకా సిగ్నలు రాలేదు. అప్పుడు అక్కడి పాయింట్స్‌మన్ భార్య కొడుకు చేతికిచ్చి సత్తుగిన్నె పంపింది. మజ్జిగన్నం, పైన ఒక మాగాయ బద్ద. ఉలవపాడు మామిడికాయ. నాన్న బ్రేక్ వ్యాన్ మెట్టు మీద కూర్చుని తిన్నారు. గిన్నె కడిగి పిల్లవాడికి తిరిగిచ్చారు. ఆమెను చూడలేదు. పేరూ తెలియదు. ఆ తర్వాత రాత్రిళ్ళు ఉలవపాడు దాటిన ప్రతిసారీ, స్టేషనుకు చూపించాల్సిన పచ్చదీపం చూపించాక, క్వార్టర్ల వైపు కూడా ఒకసారి ఊపేవారట. "రూల్లో లేదు అది" అన్నారు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ హోటలు అలంకారంలో లేనిది ఎదురుచూపు ఒక్కటే అనిపిస్తుంది. కూత ఉంది, పట్టాలున్నాయి, పేర్లున్నాయి, సిగ్నలు ఉంది. అడిగిన నాలుగు నిమిషాల్లో పులావు వచ్చేసింది. నాన్న రైల్వేలో చేసిన పనిలో ముప్పాతిక వంతు లూపులో ఆగి ఉండటం, ఎవరో వస్తారని చూడటం, ఎవరో తనను చూస్తున్నారని నమ్మి కూర్చోవడం. దాన్ని ఏ గోడమీదా బొమ్మ వెయ్యలేరు. ఇంటి దగ్గర అమ్మ చేసిందీ అదే పని, ఆమెకు కాగితం రాసిచ్చినవాళ్ళూ లేరు, దీపం చూపించినవాళ్ళూ లేరు. ఆ రాత్రి ఇంటికెళ్ళగానే అమ్మకు ఫోను చేసి 1979 డిసెంబరు సంగతి అడగాలనుకున్నాను. అడిగాను కూడా. ఆమె చెప్పింది వేరే కథ, అది ఆమెది.

రెండో విడత రైల్లో నాన్న పెరుగన్నం వచ్చింది. ఐదో పెట్టె మీద, అన్నిటికంటే చివర. వడ్డన చూసే కుర్రవాడు పక్కనే ఉన్నాడు. పళ్ళెం దించుకున్నాక నాన్న అతన్ని పిలిచి, "కాసేపు ఆపుతావా బాబూ" అని అడిగారు. ఎందుకని అతను అడగలేదు, ఆపాడు. బల్లమీద ఎర్రరంగు కాగితం రుమాళ్ళ దొంతర ఉంది. నాన్న ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి, చేతి వేలంత ముక్క చించారు. ఐదో పెట్టె వెనక కొక్కేనికి దాన్ని దోపబోతే చెయ్యి వణికింది. పిల్లవాడు తన చిన్నవేళ్ళతో అందుకుని దోపాడు.

"ఇప్పుడు చూడు" అన్నారు నాన్న వాడితో. "ఇది వంటింట్లోకి పోయేదాకా కళ్ళు తిప్పకూడదు."

రైలు కదిలింది. తెనాలి దాటింది, బాపట్ల దాటింది, నెల్లూరు వెనక నుంచి మలుపు తిరిగింది. పిల్లవాడు బల్లల మధ్య దాని పక్కనే నడిచాడు. నాన్న లేచి నిలబడి చూస్తున్నారు. పెరుగన్నం ముట్టుకోలేదు. రైలు వంటింటి గోడలోని చిన్న గుమ్మంలోకి దూరింది. ఇంజను, ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"తాతయ్యా, ఎర్రది లోపలికెళ్ళింది!" హాలు అవతలి నుంచి కేకేశాడు వాడు.

నాన్న చెయ్యెత్తి చూపించి, కుర్చీలో కూర్చుని, పెరుగన్నం దగ్గరికి లాక్కున్నారు.